మతానికో పార్టీ ఉంటుందా? సర్వే పనిలో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

ఎన్నికల సర్వేలకు ఇంటింటికీ తిరగడం, తిరిగే కుర్రాళ్లను చూసుకోవడం నా పని. ఎక్కువగా నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కలే. రిపోర్టు చేతికిచ్చిన ప్రతిసారీ డబ్బు పెట్టినాయన ముందు కులం పేజీ తిప్పుతాడు, ఆ వెంటనే మతం పేజీ. "చర్చి ఓట్లు ఎటు? ముస్లిం ఓట్లు ఎటు?" అంటాడు. ఆ పేజీ చూసి ఆయన అనుకునేది వేరు, గడప దగ్గర మేం వినేది వేరు.

అపోహ: పేరు చూస్తే మతం తెలుస్తుంది, మతం తెలిస్తే పార్టీ తెలుస్తుంది.

వాస్తవం: ఇందులో మొదటి సగమే నిలబడదు. ఓటర్ల జాబితాలో మతం కాలమ్ లేదు, కులం కాలమ్ లేదు. పార్టీల వార్‌రూముల్లో కూర్చున్నవాళ్లు పేర్లను బట్టి ముద్ర వేస్తారు. ఎక్కడో ఊరుగాని ఊళ్లో కూర్చుని ఈ పని చేసేవాడికి మస్తాన్ అంటే ముస్లిమే. కసుమూరు మస్తాన్‌వలీ దర్గాకు మొక్కుకుంటే పుట్టారని మన నెల్లూరు వైపు హిందువులు కూడా పిల్లలకు మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్ రెడ్డి అని పెట్టుకుంటారని వాడికేం తెలుసు? ఇంటి ముందు తులసికోట ఉంటుంది, ఎక్సెల్ షీటులో మాత్రం ముస్లిం కుటుంబం.

ఒంగోలు వైపు తిరకాసు ఇంకో రకం. గోడకు ఏసుప్రభువు క్యాలెండరు, బల్ల మీద బైబిలు, ఇంటాయన పేరు వెంకటేశ్వర్లు, బీరువాలోని కుల సర్టిఫికెట్టులో 'హిందూ'. దీనికి కారణం చట్టంలోనే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవులమని కాగితం మీద రాయించుకుంటే మన రాష్ట్రంలో బీసీ-సీ కిందకు వెళ్తారు, అక్కడ రిజర్వేషన్ 1 శాతం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 1.34 శాతమే. ఒంగోలు నుంచి కొండపి దాకా బండి మీద వెళ్తూ దారిలో చర్చిలు చూసినవాళ్లు ఎవరైనా ఆ అంకెకు నవ్వుకుంటారు.

మరి మా కుర్రాడు ఆ ఇంట్లో ఏ గడిలో టిక్ పెట్టాలి? గోడలు చూసి రాయొద్దనీ, వాళ్లు ఏం చెబితే అదే రాయాలనీ ముందే చెప్పి పంపుతాం. మతం ప్రశ్న కూడా అట్ట చివర్నే. ముందే అడిగితే మనిషి బిగుసుకుపోతాడు, ఆ తర్వాత చెప్పే జవాబులన్నీ జాగ్రత్త జవాబులే.

అపోహ: క్రైస్తవుల ఓట్లన్నీ గంపగుత్త, పాస్టరు చెబితే పడిపోతాయి.

వాస్తవం: ఈ మాట ఎక్కువగా చెప్పేది చర్చి గడప తొక్కనివాళ్లు. ఈ ప్రాంతంలో చర్చి నిన్న మొన్న వచ్చింది కాదు. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో మిషన్ పెట్టింది 1840లో. ధాతు కరువు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ బాప్తిస్మాలు నడిపించిన మిషనరీ క్లౌ దొర కాలం నాటి ఆ కుటుంబాల మునిమనవళ్లు ఇప్పుడు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. పైగా ఒకే పల్లెలో బాప్టిస్టు చర్చి ఉంటుంది, పెంతెకొస్తు చర్చి ఉంటుంది, రేకుల షెడ్డులో సొంతంగా నడిచేది ఇంకొకటి ఉంటుంది. వీళ్లందరికీ పైన ఒక పెద్ద అంటూ లేడు. ఏ అభ్యర్థి వచ్చి తల వంచినా పాస్టరుగారు ప్రార్థన చేసి పంపుతారు. సంతనూతలపాడు వైపు ఒక పెద్దామె మా పిల్లతో అన్న మాట: "ప్రార్థన అందరికీ చేస్తారు నాయనా, ఓటు ఒక్కరికే గదా వేసేది."

ఇంకో సంగతి. ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ కోటాను ఉపకులాల వారీగా పంచడం కోసం పోరాడిన ఎమ్మార్పీఎస్ (మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి) పుట్టింది ప్రకాశం జిల్లా ఈదుముడిలో, 1994లో. ఆదివారం చర్చికి వెళ్లే మాదిగ కుటుంబాలు ఆ ఉద్యమంలో ఎన్నో ఉన్నాయి. 2024లో దాని నాయకుడు మంద కృష్ణ మాదిగ బీజేపీ ఉన్న కూటమికి మద్దతు పలికారు. 'చర్చి ఓటు' అని ఒకే గడి గీసుకున్నవాళ్లు ఇక్కడే బోల్తా పడ్డారు.

అపోహ: ముస్లింలు తమవాడికే వేస్తారు.

వాస్తవం: 2024లో నెల్లూరు సిటీలో వైసీపీ ముస్లిం అభ్యర్థిని నిలబెట్టింది. బీజేపీతో పొత్తులో ఉన్న టీడీపీ అభ్యర్థి నారాయణ 72 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. దీన్నిబట్టి ముస్లింలు ఎటు వేశారో నేను చెప్పను, చెప్పేవాళ్లను నమ్మొద్దు కూడా. ఎన్నికల అధికారులు ఇచ్చే ఫారం 20లో బూత్ వారీ లెక్క దొరుకుతుంది గానీ, ముస్లింలు ఎక్కువగా ఉండే కోటమిట్ట బూత్ అయినా అందులో అన్ని రకాల ఇళ్లూ ఉంటాయి. గడప దగ్గర వినిపించేవి నాలుగు శాతం రిజర్వేషన్, వక్ఫ్ ఆస్తులు, షాదీఖానా, ఇంటి ముందు కాలువ. మొదటి మూడూ మతం వల్ల వచ్చిన సమస్యలే, కాదనను. అవి నమాజుకు సంబంధించినవి మాత్రం కావు, హక్కులకు సంబంధించినవి. ఏ పార్టీ నమ్మకంగా మాట్లాడితే అటు కదులుతాయి.

అపోహ: భక్తి ఎక్కువున్న హిందువు బీజేపీకే వేస్తాడు.

వాస్తవం: తిరుమల ఉన్న రాష్ట్రం మనది. 2019 అసెంబ్లీ ఎన్నికల్లో ఇక్కడ బీజేపీకి ఒక్క శాతం ఓట్లు కూడా రాలేదు, నోటాకు అంతకంటే ఎక్కువ పడ్డాయి. అలాగని ఆ పార్టీ ఇక్కడ ఎప్పుడూ గెలవలేదా అంటే, ఎన్టీఆర్ ప్రభంజనం వీచిన 1983లోనే వెంకయ్యనాయుడు ఉదయగిరిలో బీజేపీ గుర్తుపై గెలిచారు. అంతకుముందు 1978లో అదే ఉదయగిరి ఆయన్ను జనతా పార్టీ తరఫున గెలిపించింది. గుర్తు మారినా మనిషిని చూసి వేశారు.

2019లో ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని 10 సీట్లూ వైసీపీవి. 2024లో అదే 10 సీట్లూ టీడీపీవి. ఈ అయిదేళ్లలో జొన్నవాడ కామాక్షమ్మకు మొక్కులు తగ్గాయా? రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే జనం మారారా? జనం వాళ్లే, దేవుళ్లూ వాళ్లే.

అపోహ: గుళ్లోనో చర్చిలోనో నాలుగు మాటలు మాట్లాడితే తప్పేముంది, అందరూ చేసేదేగా.

వాస్తవం: దండం పెట్టుకుంటే తప్పు లేదు. అక్కడే ఓటడిగితే ఎన్నికల నియమావళికి విరుద్ధం. ప్రార్థనా స్థలాలను రాజకీయాలకు వాడుకోకుండా 1988లో చట్టమే వచ్చింది, అయిదేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. మతం పేరుతో ఓటడిగితే ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద గెలిచిన ఎన్నికే రద్దు కావచ్చు. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు ఎత్తి అడిగినా అంతేనని సుప్రీంకోర్టు 2017 జనవరి 2న 4-3 మెజారిటీతో చెప్పింది.

"మరి మతం కాలమ్ తీసేయొచ్చుగా?" అని అడుగుతారు. తీసేయం. వక్ఫ్ మీదో, ఎస్సీ హోదా మీదో వేడి పుట్టినప్పుడు అందులో కదలిక కనిపిస్తుంది. మామూలు రోజుల్లో మాత్రం నేను ముందు తిప్పేది వేరే పేజీలు: పోయినసారి ఎవరికి వేశారు, పింఛను టైముకు వస్తోందా, ఊళ్లో ఎవరి మాట వింటారు. ఈ మూడూ తెలిస్తే మతం పేజీ తెరవకుండానే చాలాసార్లు లెక్క తేలిపోతుంది.