వీడియో గేమ్ సినిమాలకు తెలుగు మాటలు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఉంటూ హైదరాబాద్ డబ్బింగ్ స్టూడియోలకు మాటలు రాస్తాను. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగేలోగా ఒక సీనైనా పూర్తి చేయడం అలవాటు. వీడియో గేమ్‌ల నుంచి పుట్టిన సాహస చిత్రాల గురించి మా వీధిలో తరచూ వినిపించే మాటలు, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: గేమ్ ఆడకపోతే సినిమా అర్థం కాదు.

2022లో వచ్చిన 'అన్‌చార్టెడ్'నే చూడండి. 2007 నాటి మొదటి గేమ్‌లో నేథన్ డ్రేక్ అప్పటికే చేయి తిరిగిన నిధుల వేటగాడు. సినిమాలో టామ్ హాలండ్ వేసిన డ్రేక్ బార్‌లో పనిచేసే కుర్రాడు. విమానం లోంచి జారిన సరుకుల పెట్టెలకు వేలాడే ఘట్టానికి మూలం మాత్రం 2011 నాటి మూడో గేమ్. ఆడినవారికి గుర్తుపట్టిన సంబరం అదనం, అంతే.

అపోహ: అన్నీ పోరాటాలే కదా, రాయడానికి మాటలేముంటాయి?

మా ప్రాణం తీసేవి ఆ పోరాటాలే. పొడవైన సంభాషణను ఎలాగోలా సర్దవచ్చు. ఒక్క మాట కేకను సర్దలేము. ప, బ, మ పలికితే పెదవులు కలుస్తాయి. తెర మీద కలిసినప్పుడు మా మాటలోనూ కలవాలి. 'జంప్' అని అరిచిన నటుడి నోరు చివర్లో మూతపడుతుంది. తెలుగు మాటేమో సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. 'దూకు' అంటే నోరు తెరిచే ఉంటుంది. 'దూకుదాం' అని రాస్తే పెదవులు కలుస్తాయి, కానీ ఆజ్ఞ కాస్తా ఆహ్వానమైపోతుంది. లోయలోకి దూకవలసినవాడు ఒక్కడే అయితే అది కుదరదు. 'మూవ్'కు 'పద' బాగానే అతుకుతుంది, మొదట్లో పెదవులు కలుస్తాయి గనుక. 'మ్యాప్'కు 'పటం' అయితే వరమే: మొదలూ చివరా రెండూ మూత. అలాంటి మాట దొరికిన రోజు స్టూడియోలో అందరికీ టీ నేనే ఇప్పిస్తాను. నటుడు కెమెరాకు వీపు తిప్పితే మాకు పండుగ. ఎక్కడా పట్టని వివరమంతా అక్కడే ఇరికిస్తాం.

అపోహ: ఇంగ్లిష్ తెలిస్తే అనువాదం చేసేయవచ్చు.

ఇంగ్లిష్‌లో 'యు' ఒక్కటే. తెలుగులో మీరా, నువ్వా అన్నది నేను తేల్చాలి. 'అన్‌చార్టెడ్'కు నేను రాయలేదు. రాసి ఉంటే, బార్‌లో ఎదురైన పెద్దవాడు సల్లీని డ్రేక్ మొదట 'మీరు' అనేవాడు. ఎప్పుడు 'నువ్వు'లోకి దిగాలి? నమ్మకం కుదిరినప్పుడు కాదు, మొదటిసారి ఒళ్లు మండినప్పుడు. మన ఇళ్లలో మర్యాద జారేది అలాగే కదా!

అపోహ: అంతా గ్రాఫిక్సే.

2001 నాటి 'టూంబ్ రైడర్'లో చెట్ల వేళ్లు చుట్టుకున్న గుడి కంబోడియాలోని తా ప్రోమ్. దాని ప్రతిష్ఠ 1186లో జరిగితే, మన రామప్ప గుడి పూర్తయింది 1213లో. ఇంచుమించు ఒకే ఈడువి! ఇక 2016 నాటి 'అసాసిన్స్ క్రీడ్' కోసం ఒక స్టంట్ కళాకారుడు 125 అడుగుల ఎత్తు నుంచి నిజంగానే దూకాడు.

అపోహ: గేమ్ సినిమాలు ఆడవు.

1993లో 'సూపర్ మారియో బ్రదర్స్' బోల్తా పడింది, నిజమే. అదే మారియో 2023లో యానిమేషన్‌గా వచ్చి 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశాడు.

అపోహ: మన యాస పెడితే ఇంకా బాగుంటుంది.

"అన్నా, డ్రేక్‌తో వరంగల్ యాస మాట్లాడించవచ్చు కదా" అని పక్కింటి అబ్బాయి అడుగుతుంటాడు. స్పెయిన్ వీధుల్లో తిరిగే అమెరికా కుర్రాడి నోట మన యాస వస్తే నవ్వు వస్తుంది, ప్రమాదం మీద భయం పోతుంది. వరంగల్ కోటలో నిధి వెతికే కథను ఇక్కడివాళ్లే తీస్తే మొదటి కేక నుంచీ అలాగే రాస్తాను. అప్పుడు పెదవులు కలపలేక తిప్పలు పడేది ఇంగ్లిష్ డబ్బింగ్ వాళ్లు.