పసిబిడ్డకు పిల్లికూతలు వస్తే ఆస్తమా ఖాయమా?

"డాక్టర్ గారూ, ఇక పాపకు జీవితాంతం ఆస్తమానేనా?"

బ్రాంకియోలైటిస్ (వైరస్ వల్ల ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలి గొట్టాలు వాచే జబ్బు) తగ్గిన ఏడు నెలల పాపను ఇంటికి పంపుతుంటే, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి ఆ తల్లి అడిగిన మాట. పిల్లల డాక్టరుగా ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో! అప్పటికే ఎవరో ఆమెకు తీర్పు చెప్పేశారు. రెండు రాత్రులుగా నిద్ర లేదు.

అపోహ: పసితనంలో పిల్లికూతలు వస్తే ఆస్తమా ఖాయం.

కానే కాదు. అమెరికాలోని టక్సన్‌లో 1980లో మొదలుపెట్టి వెయ్యిమందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి గమనించారు. మూడేళ్లలోపు దాదాపు మూడోవంతు మందికి కూతలు వచ్చాయి. వాళ్లలో సుమారు 60 శాతం మందికి ఆరేళ్లకల్లా ఆగిపోయాయి. అలా ఆగిపోయినవాళ్లకు, ఏ ఇన్ఫెక్షనూ రాకముందే, పుట్టిన కొత్తలోనే ఊపిరితిత్తుల సామర్థ్యం సగటున కాస్త తక్కువగా ఉంది. గాలి గొట్టాలు సన్నగా ఉంటే కొంచెం వాపు, కొంచెం కఫం చేరినా చాలు, కూత వినిపిస్తుంది. బిడ్డతో పాటే గొట్టాలూ పెరుగుతాయి.

మరి ఎవరిని కనిపెట్టి ఉండాలి? తల్లికో తండ్రికో ఆస్తమా ఉన్నా, బిడ్డకు ఎగ్జిమా (చర్మం ఎండి, ఎర్రబడి దురదపెట్టే జబ్బు) ఉన్నా, జలుబు లేనప్పుడు కూడా కూతలు వస్తున్నా జాగ్రత్త పడాలి. అందరూ బ్రాంకియోలైటిస్‌ను ఎక్కువగా తెచ్చే ఆర్ఎస్‌వీ అనే వైరస్ గురించే భయపడతారు గానీ, మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్‌తో కూతలు వచ్చే పిల్లల్లోనే ఆస్తమాతో సంబంధం ఇంకా గట్టిగా కనిపించింది. ఆ పాప చెంపలు, మోచేతి మడతలు వెలుతురులో చూశాను. చర్మం నున్నగా ఉంది. ఇంట్లో ఎవరికీ ఆస్తమా లేదు. ఆ మాట చెప్పాకే తల్లి కూర్చుంది.

అపోహ: ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, సిరప్ మేలు.

ఈ పుకారు వింటే నాకు కోపం వస్తుంది. గాలి గొట్టాలను వదులుచేసే సాల్బుటమాల్ మందు ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. ఐదు మిల్లీలీటర్ల సిరప్‌లో 2 మిల్లీగ్రాములు, అంటే ఇరవై రెట్లు! పైగా సిరప్ ఒళ్లంతా తిరిగాక గానీ ఊపిరితిత్తులకు చేరదు. రాసిచ్చినప్పుడు స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బా), మాస్క్‌తో ధైర్యంగా వాడండి.

యాంటీబయాటిక్స్? వైరస్ మీద పనిచేయవు. సిగరెట్ పొగ? బిడ్డ ఉన్న ఇంట్లో వద్దే వద్దు.

రాత్రి కూత అనిపిస్తే చొక్కా విప్పి, ఛాతీ, పొట్ట కనిపించేలా అర నిమిషం వీడియో తీసి తీసుకురండి. చాలాసార్లు అది ముక్కులో గురగురే. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా మాత్రం వీడియో వద్దు, వెంటనే ఆసుపత్రికి రండి.