చిన్నాన్న మళ్ళీ ఎందుకు తాగాడు?

అమ్మలూ, బాబూ,

సిరిమాను పండక్కి వచ్చినప్పుడు మీరు అడిగినదానికి నాకు నోరు పెగల్లేదు. "చిన్నాన్న బాప్తిస్మం తీసుకున్నాడు కదా తాతా, ఆరు నెలలు ముట్టలేదు కదా, మళ్ళీ ఎందుకు తాగాడు? దేవుడు వదిలేశాడా?" అన్నారు. వాడు నా కొడుకు. అందుకే ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

నా చిన్నప్పుడు బొబ్బిలి దగ్గర మా ఊళ్ళో ఏటా ఈ కాలంలోనే గోగు కోసి చెరువులో ఊరబెట్టేవారు. ఊరంతా ఆ కంపే. నార ఒలిచి ఆరబెట్టాక రాత్రిళ్ళు అరుగు మీద మా నాన్న తాడు పేనేవాడు. రెండో కొస పట్టుకోవడం నా పని. కునుకు పట్టి చెయ్యి జారిందా, తాడు పాములా మెలికలు తిరిగిపోయేది. నాన్న తిట్టేవాడు కాదు. కొస మళ్ళీ నా చేతిలో పెట్టేవాడు.

తాగుడూ అలాంటి పురే. ఒక్కో సాయంత్రం ఒక్కో చుట్టు. చిన్నాన్నది పన్నెండేళ్ళ పురి. లాగితే వీడదు, ఇంకా బిగుస్తుంది. నేను అరిచిందీ, మీ నానమ్మ ఏడ్చిందీ లాగడమే. ఎక్కిన వైపుకి ఎదురుగా ఒక్కో చుట్టే తిప్పాలి. విప్పాక కూడా నారలో ఆ మెలి ఉండిపోతుంది, పట్టు వదిలితే తనే చుట్టుకుంటుంది. పండగ రోజున పాత స్నేహితులు కలిశారు. రెండో కొస పట్టుకున్నవాళ్ళు లేరు.

మొదటిసారి వాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణికి ఫిట్స్ వచ్చాయి. ప్రార్థన చాలనుకుని ఇంట్లోనే ఉంచాను, ఆ తప్పు నాది. ఏళ్ళ తరబడి తాగిన ఒంటికి అలా ఆపితే ప్రాణం మీదకు వస్తుందట. డాక్టరును కూడా దేవుడే ఇచ్చాడు.

1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో బిల్ విల్సన్ అనే ఆయన, తాగుడు మాని కొన్ని నెలలైనవాడు, మళ్ళీ పడిపోతానన్న భయంతో తనలాంటి మరొకరి కోసం వెతికాడు. డాక్టర్ బాబ్ స్మిత్ దొరికాడు. ఇద్దరూ ఒక క్రైస్తవ సహవాసంలో తిరిగినవాళ్ళే. బాబ్ మానేశాడు, కొన్ని వారాలకే డాక్టర్ల సభకని వెళ్ళి మళ్ళీ తాగాడు. బిల్ వదల్లేదు. బాబ్ చివరిసారి తాగింది ఆ జూన్ 10న అని చెబుతారు, ఆ తర్వాత ఇక ముట్టలేదు. తాగుడు మానాలనుకునేవాళ్ళ ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే పెద్ద సంఘం ఆ రోజునే తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది.

దేవుడు వదిలేశాడా అన్నారు కదా. యేసు శిష్యుడు పేతురు మూడుసార్లు ఆయన్ని ఎరగనన్నాడు. అయినా యేసు సరస్సు ఒడ్డున నిప్పుల మీద చేపలు పెట్టి అతన్ని భోజనానికి పిలిచాడు. కొందరి పురి ఆయన ఒక్క రాత్రిలో విప్పుతాడు, కొందరిది చుట్టు చుట్టుగా. ఆ లెక్క ఆయనది. తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

శనివారం వచ్చినప్పుడు పశువులశాలలో పాత తాడు ముక్క ఒకటి తీయండి. చెరో కొసా పట్టుకుని పురి విప్పండి. ఒకరు చెయ్యి వదిలి చూడండి.

ఆ సాయంత్రం చర్చి వెనక గదిలో తాగుడు మానుతున్నవాళ్ళ కూడిక ఉంది. చిన్నాన్న మళ్ళీ వెళ్తానన్నాడు. దారిలో రెండు బెల్టు షాపులున్నాయి. మనం ముగ్గురం తోడు వెళ్దాం.

మీ తాతయ్య