స్టాంపుపై సీతాకోకచిలుక అరుదైతే స్టాంపు కూడా అరుదేనా? అపోహలు - వాస్తవాలు

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే బల్లార్షాలో చాలా ఏళ్లుగా కీటకాల స్టాంపులు సేకరిస్తూ, తోటి సేకర్తలతో మార్చుకుంటూ ఉన్నాను. తాతగారి ఆల్బమ్‌ను సంచిలో పెట్టుకొని మా ఇంటికి వచ్చేవారిలో చాలామంది అడిగేది ఒకే ప్రశ్న: “ఈ సీతాకోకచిలుక అంతరించిపోయిందట కదా, దీనికి ఎన్ని లక్షలు వస్తాయి?”

అపోహ: బొమ్మలోని ప్రాణి అరుదైతే స్టాంపు కూడా అరుదే.

వాస్తవం: ఈ రెండింటికీ సంబంధం లేదు. బ్రిటన్ 1981లో నాలుగు సీతాకోకచిలుకల స్టాంపులు వేసింది. వాటిలో 18 పెన్నీల దానిపై ఉన్న ‘లార్జ్ బ్లూ’, గొంగళిపురుగు దశలో ఎర్రచీమల పుట్టలో పెరిగే నీలి సీతాకోకచిలుక. అది ఆ దేశంలో 1979లోనే అంతరించింది, తరువాతి కాలంలో స్వీడన్ నుంచి తెచ్చి మళ్లీ పెంచారు. అంటే స్టాంపు వెలువడిన నాటికి బ్రిటన్‌లో దాని జాడే లేదు. అయినా ఆ స్టాంపు నేటికీ చిల్లర డబ్బులకే దొరుకుతుంది, ఎందుకంటే అచ్చుయంత్రానికి ఆ సంగతితో పనిలేదు. మన తపాలా శాఖ అదే 1981లో వేసిన నాలుగింటిలో ఒకటైన కైసర్-ఎ-హింద్ విషయమూ అంతే: తూర్పు హిమాలయాల ఆ సీతాకోకచిలుకను చూడడం గగనం, స్టాంపు మాత్రం ఏ సేకర్తను అడిగినా ఇస్తాడు.

ధరను నిర్ణయించేవి ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి, ఎందరు కోరుతున్నారు అన్న మూడు సంగతులే. 1948 నాటి పది రూపాయల గాంధీ స్టాంపుపై గవర్నర్ జనరల్ కార్యాలయం కోసం ‘సర్వీస్’ అని అచ్చొత్తినవి వంద మాత్రమే కాబట్టి వాటికి చాలా ఎక్కువ వెల. ‘సర్వీస్’ అన్న అచ్చు లేని అదే స్టాంపు వెలకూ దానికీ పోలికే లేదు.

ఈ అపోహ వల్ల డబ్బు పోగొట్టుకున్నవారిని చూశాను గనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను. సిరొంచ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, భర్త పోయాక ఆయన ఆల్బమ్‌ను పట్టుకొని నా ముందు కూర్చొని, “బాబూ, ఫోనులో ఎవరో ఇది నాలుగు లక్షలు చేస్తుందన్నారు, ముందు పరిశీలన రుసుము కట్టమన్నారు, కట్టేశాను” అన్నారు. ఆల్బమ్ తెరిస్తే తళతళలాడే సీతాకోకచిలుకలే. దాదాపు అన్నింటికీ మూలన నీటుగా ఒకే ముద్ర, వెనుక జిగురు చెక్కుచెదరలేదు. ఉత్తరం మీద ఎన్నడూ ప్రయాణించని ఇలాంటి ‘క్యాన్సిల్డ్ టు ఆర్డర్’ స్టాంపులు సేకర్తలకు అమ్మడానికే కట్టలు కట్టలుగా ముద్ర వేసినవి. “అమ్మా, స్టాంపు కొనేవాడు మీకు డబ్బు ఇవ్వాలి గానీ మీ దగ్గర తీసుకోకూడదు” అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, కానీ చెప్పక తప్పలేదు. ఆమె కొంతసేపు ఊరుకొని, ఆయన ఆదివారాలు ఈ పుస్తకం ముందేసుకొని కూర్చునేవారని మాత్రం అన్నారు.

ఇంకా దారుణమైనవి ఏదో దేశం పేరు పెట్టుకొని, ఆ దేశపు తపాలా శాఖకు తెలియకుండానే అచ్చయ్యే మెరుపుల షీట్లు. వాటిపై ‘అంతరించిపోతున్న జాతులు’ అన్న మాట పెద్ద అక్షరాలలో ఉంటుంది, ఎందుకంటే అమ్ముడుపోయేది ఆ మాటే. ప్రపంచ తపాలా సంఘం 2002 నుంచి నడుపుతున్న డబ్ల్యూఎన్ఎస్ జాబితాలో దేశాలు నమోదు చేయించిన స్టాంపులు కనిపిస్తాయి. అన్ని దేశాలూ అందులో లేవు గనుక, పేరు లేనంత మాత్రాన దొంగదని తేల్చవద్దు, విచారించకుండా కొననూ వద్దు.

అపోహ: పురుగు స్టాంపుపైకి ఎక్కిందంటే అది అంతరించే జాతే.

వాస్తవం: కాదు. 2017లో మన తపాలా శాఖ స్టాంపులు వేసిన అక్షింతల పురుగు మా పత్తి చేలలో పేనుబంకను తింటూ ఎప్పుడూ కనిపించేదే. 2015లో మహారాష్ట్ర రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించిన బ్లూ మార్మన్ కూడా నిమ్మ, నారింజ జాతి చెట్ల దగ్గర తిరిగేదే.

అపోహ: రక్షిత జాతి బొమ్మ ఉన్న స్టాంపు దాచుకుంటే వన్యప్రాణి చట్టం కింద కేసు పెడతారు.

వాస్తవం: ఒక తల్లి భయపడి కొడుకు పుస్తకాన్ని అటక మీద దాచేసిందని విని నవ్వు రాలేదు, జాలి కలిగింది. 1972 నాటి చట్టం ప్రాణులకు, వాటి శరీర భాగాలకు సంబంధించినది, బొమ్మకు వర్తించదు. జాబితాలోని సీతాకోకచిలుకను చంపి, సూది గుచ్చి పెట్టెలో దాచడం మాత్రం నేరమే.

అపోహ: లామినేషన్ చేస్తే స్టాంపు పదిలం.

వాస్తవం: లామినేషన్ చేసిన క్షణంలోనే దాని వెల సున్నా, ఇక ఎవరూ దాన్ని విడదీయలేరు. సెలోటేపు కూడా అంతే. మా వానాకాలపు తేమకు జిగురు అంటుకోకుండా స్టాంపులు దోపి ఉంచే స్టాక్ బుక్‌ను పడుకోబెట్టక నిలబెట్టండి, అప్పుడప్పుడు గాలికి తెరవండి. జిగురు రుచి మరిగిన బొద్దింకలకు సీతాకోకచిలుక బొమ్మ అన్న మొహమాటమేమీ ఉండదు.