రెప్ప కింద కనిపించే నట్ట

గొర్రె కింది కనురెప్పను బొటనవేలితో కాస్త కిందికి లాగి చూడండి. లోపలి పొర ఎర్రగా ఉంటే కంగారు లేదు. ఎరుపు తగ్గి, గులాబీ కూడా పోయి, సున్నం కొట్టినట్టు తెల్లబడితే ఆ జీవంలో రక్తం అయిపోతోందన్నమాట. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంటే వ్యవహారం ఇంకా ముదిరిందని అర్థం. ఒంటి మీద గాయం లేదు, నెత్తురు చుక్క కింద పడలేదు. తాగేది లోపల ఉంది.

దాని పేరు హీమాంకస్, నెత్తురు తాగే ఒక రకం నట్ట, అంటే పొట్టపురుగు. గొర్రెలు, మేకలు, జింకల లాంటి నెమరువేసే జంతువుల పొట్టలో నాలుగో అర దీని నివాసం. ఆడపురుగు రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది. రక్తం నిండిన ఎర్రటి పేగు చుట్టూ తెల్లటి అండాశయం మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి, చూడటానికి ఎరుపు తెలుపు దారాలు కలిపి పేనినట్టు కనిపిస్తుంది. ఒక్క పురుగు రోజుకు తాగే రక్తం సుమారు 0.05 మిల్లీలీటర్లు. అంటే చుక్కంత. కానీ పొట్టలో 5,000 పురుగులుంటే రోజుకు పావు లీటరు పోతుంది. 40 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమే సుమారు రెండున్నర లీటర్లు. అందుకే బాగా పట్టినప్పుడు నిన్నటిదాకా మేసిన గొర్రె ఇవాళ పొద్దున చచ్చిపడి ఉంటుంది.

నాకు ఈ పురుగు జీవితంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది పొట్టలో గడిపే కాలం కాదు, గడ్డి మీద గడిపే కాలం. ఒక్కో ఆడపురుగు రోజుకు వేలల్లో గుడ్లు పెడుతుంది. అవి పేడలో పడి, తడి, వెచ్చదనం దొరికితే వారం లోపే పిల్లపురుగులై, మరో జంతువుకు సోకే దశకు చేరతాయి. ఈ దశలో పిల్లపురుగు తన పాత చర్మాన్ని విడవదు, దాన్నే తొడుగులా ఉంచుకుంటుంది. ఆ తొడుగు ఎండ నుంచి కొంత కాపాడుతుంది, కానీ నోటిని కూడా మూసేస్తుంది. ఇక తిండి లేదు. ఒంట్లో దాచుకున్న కాస్త శక్తితోనే మంచు తడిలో గడ్డిపోచ ఎక్కి కూర్చోవాలి. ఏదో ఒక నోరు వచ్చి ఆ పోచను కొరికేలోపు శక్తి అయిపోతే చావే. వేడి వాతావరణంలో కదలిక ఎక్కువ కాబట్టి ఆ నిల్వ ఇంకా తొందరగా కరిగిపోతుంది.

అడవి జంతువుకు కలిసొచ్చేది ఇక్కడే. తిరిగే మంద మేసిన చోటే మేయదు. అది మళ్లీ వచ్చేసరికి గడ్డి మీద కాచుకున్న పిల్లపురుగుల్లో చాలావరకు ఆకలితో పోయి ఉంటాయి. నార్వేలో రెయిన్‌డీర్ మందల మీద చేసిన పరిశీలన ఇలాంటి సంగతే చెప్పింది. ఈ జంతువుల వీపు చర్మం కింద వార్బుల్ ఈగ పిల్లపురుగులు పెరిగి, ఎండాకాలం మొదట్లో నేల మీద రాలతాయి. అవి ఈగలై లేచేసరికి కొన్ని వారాలు పడుతుంది. ఈనాక దూరం వెళ్లిపోయిన మందల్లో ఆ పురుగులు తక్కువగా కనిపించాయి, అక్కడక్కడే తిరిగిన మందల్లో ఎక్కువ. వలస పచ్చిక కోసమే అనుకుంటాం. పురుగును వెనక వదిలేయడం కూడా అందులో ఉంది.

మనం కంచె వేశాం. మంద పేడ వేసిన చోటే మళ్లీ మేస్తుంది. పైగా ఈనే సమయంలో తల్లి గొర్రె రోగనిరోధక శక్తి తగ్గి, దాని పేడలో గుడ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. పిల్లలు గడ్డి కొరకడం మొదలుపెట్టేసరికి పచ్చిక వాటికోసమే సిద్ధం చేసినట్టుంటుంది. (కాలేయంలో చేరే చదునైన పురుగు, కార్జపు జలగ సంగతి వేరు. దానికి మధ్యలో నత్త కావాలి, నత్త బతికే తడి నేల లేని చోట ఆ జలగ నిలవదు. హీమాంకస్‌కు అలాంటి మధ్యవర్తి అక్కర్లేదు.)

మందులు ఉన్నాయి కదా అంటారు. 1961లో థయాబెండజోల్ వచ్చినప్పుడు అందరూ అలాగే అనుకున్నారు. మూడేళ్లలోనే దానికి లొంగని హీమాంకస్ బయటపడింది. తర్వాత వచ్చిన ఐవర్‌మెక్టిన్‌కూ అదే గతి పట్టింది. తప్పు మందుది కాదు, మంద మొత్తానికీ ఒకేసారి పట్టడంలో ఉంది. మందుకు లొంగేవన్నీ చచ్చి, లొంగనివే మిగిలి, వాటిలో అవే జతకట్టి గుడ్లు పెడతాయి.

దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా పద్ధతి అందుకే మళ్లీ రెప్ప దగ్గరికి తీసుకెళ్తుంది. ఎరుపు నుంచి తెలుపు దాకా అయిదు రంగుల కార్డును కంటి పక్కన పెట్టి పోల్చి, పాలిపోయినవాటికే మందు పడతారు. మందలో పురుగులన్నీ సమానంగా పంచుకుని ఉండవు, ఎక్కువ భాగం కొద్ది జీవాల్లోనే ఉంటాయి. ఎర్ర రెప్ప ఉన్న గొర్రెలో కూడా కొన్ని నట్టలుంటాయి. వాటిని కావాలనే వదిలేస్తారు. మందు రుచి చూడని ఆ పురుగుల గుడ్లు పచ్చిక మీద ఎక్కువగా ఉంటే, లొంగని పురుగుల సంతానం వాటి మధ్య పలచబడుతుంది. పురుగును మొండిగా తట్టుకునే గుణం తల్లి నుంచి పిల్లకు కొంత వస్తుంది కాబట్టి, ఏడాదిలో మూడు నాలుగు సార్లు రెప్ప తెల్లబడిన గొర్రె పిల్లల్ని మందలో పెంపకానికి ఉంచుకోరు.