వంటనూనెల్లో బూజు విషాల పరీక్ష: రిఫరెన్స్ మెటీరియల్ గురించి అపోహలు - వాస్తవాలు

గుంటూరులో బూజు నుంచి పుట్టే విషమైన అఫ్లాటాక్సిన్ అనే మాట చాలామందికి మిర్చి ద్వారానే పరిచయం. ఐరోపాకు వెళ్లే మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, బి1, బి2, జి1, జి2 నాలుగు రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదన్న నిబంధన ఉన్నందువల్ల ఎగుమతిదారులకూ, వారి నమూనాలను పరీక్షించే మావంటి ల్యాబ్ సిబ్బందికీ ఆ పేరు నోటికి అలవాటైపోయింది. ఇప్పుడు గానుగ వేరుశనగ నూనె, నువ్వుల నూనె సీసాలు కూడా మా బల్ల మీదికి వస్తున్నాయి. మిర్చికి అలవాటుపడిన చేతులతో నూనెను పరీక్షించబోయినప్పుడు ఎక్కువ పొరపాట్లు పరికరం దగ్గర జరగవు. పరికరం చూపిన అంకెను దేనితో సరిచూసుకోవాలన్న చోటే జరుగుతాయి. అలా సరిచూసుకోవడానికి వాడే, విలువ ముందే తెలిసిన పదార్థమే రిఫరెన్స్ మెటీరియల్.

అపోహ: విషమంతా గింజ ఆడించాక మిగిలే చెక్కలోనే ఉండిపోతుంది, నూనెలోకి రాదు. కాబట్టి నూనెకు ప్రత్యేకంగా రిఫరెన్స్ మెటీరియల్ ఎందుకు?

ఇందులో సగం నిజం ఉంది. అఫ్లాటాక్సిన్లు మిథనాల్, ఎసిటోనైట్రైల్, క్లోరోఫామ్ వంటి ద్రావకాల్లో బాగా కరుగుతాయి కానీ నూనె స్వభావమున్న హెక్సేన్ వంటి వాటిలో కరగవు. అందువల్ల గింజను ఆడించినప్పుడు ఎక్కువ భాగం చెక్కతోనే పోతుంది. అయితే కొంత భాగం నూనెతోపాటు దిగుతుంది, వడకట్టినా మిగిలిపోయిన సన్నని పిండి రేణువులు మరికొంత మోసుకొస్తాయి. రిఫైనరీలో క్షారంతో కడగడం, బ్లీచింగ్ మట్టితో వడపోయడం అనే రెండు దశల్లో అది దాదాపుగా తొలగిపోతుంది. గానుగ నూనెకు ఆ దశలు లేవు, తేర్చి గుడ్డతో వడకట్టడమే ఉంది.

మొక్కజొన్నలో కనిపించే మరో బూజు విషం జియరలెనోన్ తీరు వేరు. అది నూనెలో మరింత సులభంగా కలుస్తుంది కాబట్టే ఐరోపా సమాఖ్య శుద్ధి చేసిన మొక్కజొన్న నూనెకు సైతం కిలోకు 400 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది. జర్మనీలోని బామ్ అనే పదార్థాల పరిశోధన, పరీక్షల సంస్థ జియరలెనోన్ విలువ ధ్రువీకరించిన మొక్కజొన్న నూనెను రిఫరెన్స్ మెటీరియల్‌గా తయారుచేసిందీ ఈ అవసరం కోసమే. ఇక అఫ్లాటాక్సిన్ విషయానికొస్తే, చైనా వేరుశనగ, మొక్కజొన్న నూనెలలో అఫ్లాటాక్సిన్ బి1కు కిలోకు 20 మైక్రోగ్రాముల హద్దు విధించింది.

అపోహ: తెలిసిన మోతాదు విషాన్ని ఎసిటోనైట్రైల్‌లో కరిగించిన స్టాండర్డ్ ద్రావణం కొంటే సరిపోతుంది.

నేను అన్నింటికన్నా ఎక్కువగా వినే మాట ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఆ ద్రావణం డిటెక్టర్‌కు కొలత నేర్పుతుంది, అంతవరకే. నూనె పరీక్షలో డిటెక్టర్ చివరి మెట్టు మాత్రమే. దానికి ముందు నూనెను తూచాలి, మిథనాల్-నీటి మిశ్రమంతో గట్టిగా కుదిపి విషాన్ని ఆ పొరలోకి లాగాలి, రెండు పొరలూ విడిపోయే వరకు ఆగాలి, పలుచన చేసి ఇమ్యునో ఎఫినిటీ కాలమ్ (విషాన్ని పట్టుకునే యాంటీబాడీలు నింపిన చిన్న గొట్టం) గుండా పంపాలి, ఆ తరువాతే హెచ్‌పీఎల్‌సీ, అంటే ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం. కుదిపినప్పుడు మజ్జిగలాంటి ఎమల్షన్ ఏర్పడి పొరలు సరిగా విడిపోకపోతే కొంత విషం అక్కడే చిక్కుకుంటుంది. నూనె బొట్లు కాలమ్‌లోకి జారితే దానిలోని యాంటీబాడీలు విషాన్ని సరిగా పట్టుకోలేవు. ఇన్ని చోట్ల జరిగే నష్టాన్ని ద్రావకంలో ఉన్న స్టాండర్డ్ ఎన్నడూ చూడదు, ఎందుకంటే అది ఆ దారిన రాలేదు. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు వరకు నమూనాతోపాటు నడిచేది నూనె రూపంలోనే ఉన్న రిఫరెన్స్ మెటీరియల్ ఒక్కటే.

శుభ్రమైన నూనెలో తెలిసిన మోతాదు విషం కలిపి ఎంత తిరిగి వచ్చిందో చూసే స్పైకింగ్ పద్ధతి ఉంది కదా అని ల్యాబ్ మిత్రులు అడుగుతారు. వేరుశనగ గుండ, మిర్చి పొడి వంటి ఘనపదార్థాల కన్నా నూనె విషయంలో స్పైకింగ్ మేలే, ఎందుకంటే కలిపిన విషం నూనెలో కరిగి అంతటా సమంగా పరుచుకుంటుంది. కానీ వడకట్టని గానుగ నూనెలో రేణువులను అంటిపెట్టుకున్న విషం అంత తేలికగా బయటికి రాదు. స్పైకింగ్‌లో రికవరీ (కలిపినదాంట్లో తిరిగి వచ్చిన వంతు) 95 శాతం వచ్చిందని మురిసిపోయిన పద్ధతి, సహజంగా కలుషితమైన నూనె దగ్గర తక్కువ చూపడానికి అవకాశం ఇక్కడే ఉంది.

కొన్న ద్రావణాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మనవసరం లేదు. ఎసిటోనైట్రైల్‌లో అఫ్లాటాక్సిన్ బి1 మోలార్ శోషణ గుణకం (కాంతిని ఎంతగా పీల్చుకుంటుందో చెప్పే అంకె) 350 నానోమీటర్ల వద్ద 20,700, అణుభారం 312. ఈ లెక్కన మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములున్న ద్రావణం ఒక సెంటీమీటరు క్యూవెట్‌లో దాదాపు 0.66 అబ్జార్బెన్స్ చూపాలి. యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ ఉన్న ఏ ల్యాబ్ అయినా ఈ పని పది నిమిషాల్లో ముగించగలదు.

అపోహ: మిర్చి పొడి రిఫరెన్స్ మెటీరియల్ ల్యాబ్‌లో ఉంది, విషం అదే కాబట్టి నూనెకూ అదే వాడవచ్చు.

విషం అదే, కానీ దాన్ని పట్టి ఉంచిన పదార్థం వేరు. మిర్చిలో ఇబ్బంది రంగులతో, నూనెలో ఇబ్బంది కొవ్వుతో. అణువులను అయాన్లుగా మార్చి కొలిచే ఎల్‌సీ-ఎంఎస్ పరికరం వాడేచోట ఈ తేడా మరీ ముఖ్యం, ఎందుకంటే నమూనాలోని ఇతర పదార్థాలు అయాన్ల ఉత్పత్తిని అణచివేసి అంకెను తగ్గించగలవు. కార్బన్-13తో గుర్తుపెట్టిన అఫ్లాటాక్సిన్‌ను అంతర్గత ప్రమాణంగా కలిపితే ఆ లోటు చాలావరకు సర్దుకుంటుంది గానీ, దానివల్ల మిర్చి కాస్తా నూనెగా మారిపోదు.

అపోహ: సీసాతోపాటు ఒక సర్టిఫికెట్ వస్తే అది సర్టిఫైడ్ రిఫరెన్స్ మెటీరియలే.

కాగితం మీద రాసి ఉన్న విషయాన్ని చదవాలి. ధ్రువీకరించిన విలువ, దాని అనిశ్చితి, ఆ విలువ ఏ కొలతల గొలుసు ద్వారా అంతర్జాతీయ ప్రమాణాలకు ముడిపడిందన్న వివరం, సీసాకూ సీసాకూ తేడా లేదన్న పరిశీలన, నిల్వ కాలం, ఒక్కో పరీక్షకు తీసుకోవలసిన కనీస బరువు అందులో ఉండాలి. తయారీదారుకు ఐ.ఎస్.ఓ. 17034 గుర్తింపు ఉందో లేదో చూడాలి. ల్యాబ్‌కు ఉండే 17025 గుర్తింపు వేరు, ఇది వేరు. మన దేశంలో జాతీయ భౌతిక ప్రయోగశాల పర్యవేక్షణలో వచ్చే ధ్రువీకృత పదార్థాలకు 'భారతీయ నిర్దేశక ద్రవ్య' అన్న పేరు ఉంటుంది. ఒకే నమూనాను చాలా ల్యాబ్‌లకు పంపి ఫలితాలను పోల్చే నైపుణ్య పరీక్షల్లో మిగిలిన నమూనా సీసాలు ఉపయోగకరమైనవే, కానీ వాటి విలువ సాధారణంగా పాల్గొన్న ల్యాబ్‌ల ఏకాభిప్రాయం నుంచి పుట్టినది. దాన్ని ధ్రువీకృత విలువతో సమానంగా చూడలేము.

అపోహ: మన ఫలితం సర్టిఫికెట్‌లోని అంకెతో అచ్చంగా కలవాలి, లేకపోతే పద్ధతి తప్పు.

కొత్తగా చేరిన కెమిస్టులు ఈ భయంతో మంచి ఫలితాన్ని కూడా పారేసి మళ్లీ మళ్లీ చేస్తుంటారు. ఉదాహరణకు సర్టిఫికెట్‌లో కిలోకు 20.0 ± 2.4 మైక్రోగ్రాములు అని, కవరేజి గుణకం (± పక్కనున్న అంకె ప్రామాణిక అనిశ్చితికి ఎన్ని రెట్లో చెప్పేది) 2 అని ఉందనుకుందాం. అప్పుడు ప్రామాణిక అనిశ్చితి 1.2. మన సగటు 17.1, మన ప్రామాణిక అనిశ్చితి 1.0 అయితే రెండు విలువల తేడా 2.9. రెండు అనిశ్చితుల వర్గాల మొత్తానికి వర్గమూలం దాదాపు 1.56, దానికి రెట్టింపు 3.12. తేడా ఆ హద్దులోనే ఉంది కాబట్టి మన పద్ధతి తప్పని చెప్పడానికి ఆధారం లేదు. అయితే ప్రతిసారీ కింది వైపే పడుతుంటే ఆ విషయం వేరు, రికవరీని తిరిగి చూసుకోవలసిందే.

అపోహ: నూనె ద్రవమే కదా, పిపెట్‌తో 5 మిల్లీలీటర్లు తీస్తే 5 గ్రాములే.

ఈ తప్పు నేను స్వయంగా చేశాను. పరిమితులూ, సర్టిఫికెట్ విలువలూ కిలోగ్రాముకు చెప్పినవి. వేరుశనగ నూనె సాంద్రత దాదాపు 0.91 కాబట్టి 5 మిల్లీలీటర్లు తూగేది 4.55 గ్రాములే. పైగా చిక్కని నూనె పిపెట్ గోడలకు అంటుకుని మరికాస్త తగ్గుతుంది. నా ఫలితాలు వరుసగా దాదాపు పది శాతం తక్కువ వస్తుంటే కాలమ్‌లనూ ద్రావకాలనూ అనుమానిస్తూ రెండు వారాలు గడిపిన తరువాత తప్పు తక్కెడ వాడకపోవడంలో ఉందని తెలిసింది. దాన్ని పట్టించింది రిఫరెన్స్ మెటీరియలే.

అపోహ: రిఫరెన్స్ మెటీరియల్ నూనెను ఫ్రీజర్‌లో పెడితే పాడవదు.

కాంతి అఫ్లాటాక్సిన్‌ను విడగొడుతుంది, గాలి నూనెను కనరు వాసన పట్టిస్తుంది. అందుకే ముదురు గాజు సీసా, పైన నత్రజని పొర. చలిలో గడ్డకట్టిన నూనెను గది వేడికి రానిచ్చి, పూర్తిగా కరిగాక బాగా కలిపి తూచాలి. సగం గడ్డగా ఉన్నప్పుడు పైనుంచి తీసిన బొట్టు సీసా మొత్తానికి ప్రతినిధి కాదు.

అపోహ: ధ్రువీకృత నూనె ఖరీదైనది, దొరకడమూ కష్టం, కనుక చిన్న ల్యాబ్ చేయగలిగింది ఏమీ లేదు.

సహజంగా కలుషితమైన ఒక నూనెను ల్యాబ్‌లోనే తేర్చి, వడకట్టి, బాగా కలిపి, చిన్న ముదురు సీసాల్లో నింపి, వాటిలో పదింటిని తీసుకుని ఒక్కొక్కటి రెండేసిసార్లు పరీక్షిస్తే సీసాల మధ్య తేడా ఎంతో తెలుస్తుంది. ఆ సీసాల్లో ఒకదాన్ని ప్రతి బ్యాచ్‌లోనూ పెట్టి, వచ్చిన ఫలితాలను వరుసగా గుర్తించే కంట్రోల్ చార్టు గీయవచ్చు. ఇది పద్ధతి నిలకడను కాపలా కాస్తుంది. నిజమైన విలువకు ఎంత దగ్గరగా ఉన్నామన్నది మాత్రం అది చెప్పజాలదు. అందుకు కొన్న ధ్రువీకృత నూనెను అప్పుడప్పుడైనా దాని పక్కన పెట్టి కొలవాలి. ఆ ఖర్చు తప్పదు.

అపోహ: వాడగా మిగిలిన నాలుగు చుక్కలే కదా, సింకులో పోసేయవచ్చు.

పోయకూడదు. అఫ్లాటాక్సిన్లను క్యాన్సర్ పరిశోధనకు సంబంధించిన అంతర్జాతీయ సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. చేతి తొడుగులతో పనిచేసి, సీసాలనూ గాజు సామాగ్రినీ సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో నానబెట్టి, ఆ తరువాత అసిటోన్ కలిపి చర్య పూర్తి కానిచ్చి, ప్రమాదకర వ్యర్థాల డబ్బాలో వేయాలి.