బొమ్మ వెళ్లే దారి, వేలు వచ్చే దారి

మా బావది టిఫిన్ సెంటర్. కౌంటర్ దగ్గర కంప్యూటర్, లోపల వంటింటి గోడకు కొత్తగా కొన్న 15.6 అంగుళాల టచ్‌స్క్రీన్. బయట బిల్లు కొట్టగానే లోపల ‘రెండు పెసరట్లు, ఒక ఉల్లి దోసె’ అని పడాలి. మాస్టర్ ప్లేటు కిటికీలో పెట్టి, స్క్రీన్‌ను వేలితో తాకి ఆర్డర్ తీసేయాలి. బావ పది మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ కొని, గోడ వెంట క్లిప్పులు కొట్టించి లాగించాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. వేలు పెడితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ‘ఒరేయ్, డూప్లికేట్ సరుకు అంటగట్టారు’ అని నాకు ఫోన్.

సరుకు మంచిదే. హెచ్‌డీఎంఐకి వేలి సంగతి మోసుకొచ్చే అలవాటే లేదు. అది 2002 చివర్లో టీవీల కోసం పుట్టింది. దాని 19 పిన్నుల్లో పెద్ద పని అంతా బొమ్మదే, ధ్వని కూడా ఆ బొమ్మతోనే కలిసి వెళ్తుంది. తెర నుంచి వెనక్కి వచ్చే సన్నని దారి ఒకటి ఉంది గానీ, దాని పని వేరు. ‘నేను ఫలానా మోనిటర్‌ని, 1920×1080 చూపించగలను’ అని తెర తన వివరాల చీటీని కంప్యూటర్‌కు చూపించేది ఆ దారిలోనే. ఆ చీటీ మొదటి పేజీ 128 బైట్లు. టీవీని ఎవరూ వేలితో నొక్కరు కాబట్టి టచ్ గురించి ఎవరూ ఆలోచించలేదు.

అసలు టచ్ అంటే తెరకు అతికించిన ఇంకో పరికరం అనుకోవాలి. గాజు కింద కంటికి కనిపించని సన్నని గళ్లు పరిచి ఉంటాయి. వేలు దగ్గరికొస్తే అక్కడి విద్యుత్ ఆవేశం కొద్దిగా మారుతుంది. ఏ గడిలో మారిందో ఒక చిన్న చిప్ లెక్కకట్టి, మౌస్ పంపినట్టే యూఎస్‌బీ తీగలో పంపుతుంది. సెకనుకు వంద కబుర్లు, కబురుకు 50 బైట్లు అనుకున్నా సెకనుకు 40 వేల బిట్లు. అటు బొమ్మకైతే, 1920×1080 చుక్కలు, చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు అంటే దాదాపు 300 కోట్ల బిట్లు. ఒక పక్క గోదావరి వరద, ఇంకో పక్క కుళాయి చుక్క.

తమాషా ఏంటంటే మా బావ దగ్గర పేచీ పెట్టింది ఆ చుక్కే. కౌంటర్ నుంచి వంటింటికి ఎనిమిది మీటర్ల పైమాటే. మంచి హెచ్‌డీఎంఐ కేబుల్ ఈ మాత్రం బొమ్మను అంత దూరం మోస్తుంది. యూఎస్‌బీ 2.0కి మామూలు తీగ అయితే హద్దు 5 మీటర్లు. సిగ్నల్ బలహీనపడటం ఒక్కటే కాదు కారణం. యూఎస్‌బీలో కంప్యూటర్ పలకరిస్తుంది, పరికరం జవాబివ్వాలి. ఆ జవాబు కోసం కంప్యూటర్ చాలా కొద్దిసేపే చూస్తుంది. తీగ పొడవయ్యేకొద్దీ జవాబు ఆలస్యం. అందుకే మధ్యలో కబురును అందుకుని మళ్లీ ముందుకు పంపే హబ్ లాంటి చిప్ ఉండే యాక్టివ్ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొనిపించాను.

కొన్నాం, గుచ్చాం, టచ్ పనిచేసింది. కానీ తప్పు తెర మీద! మాస్టర్ లోపల పెసరట్టు నొక్కితే, కౌంటర్ తెర మీద సరిగ్గా అదే చోట ఉన్న ‘బిల్ క్యాన్సిల్’ బటన్ పడింది. ఎదురుగా డబ్బులు పట్టుకుని కస్టమర్. బావ మొహం చూడాలి అప్పుడు.

దీని వెనకున్న కారణం నాకు భలే నచ్చింది. గాజు పంపే కబురులో అడ్డంగా ఇంత, నిలువుగా ఇంత అనే అంకెలుంటాయి. ఏ తెర మీద అన్న మాట అందులో ఉండదు. మోనిటర్ హెచ్‌డీఎంఐ గుమ్మం నుంచి వచ్చింది, టచ్ యూఎస్‌బీ గుమ్మం నుంచి వచ్చింది. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లని కంప్యూటర్‌కు ఎవరు చెప్పాలి? తెలియక టచ్‌ను మెయిన్ తెరకు కట్టేసింది. విండోస్‌లో అయితే కంట్రోల్ ప్యానెల్‌లోని ‘టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్’లో ‘సెటప్’ నొక్కాలి. తెర తెల్లబడి ‘టచ్ తెర ఇదేనా? అయితే తాకు’ అన్న అర్థంలో అడుగుతుంది. కాకపోతే ఎంటర్ కొడితే పక్క తెర మీదికి వెళ్లి అడుగుతుంది. రెండు నిమిషాల పని.

‘అంతా ఒకే తీగలో వచ్చే టైప్-సీ కొనాల్సిందేమో’ అన్నాడు బావ. బల్ల మీద ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకునే తెరకైతే నేనూ అదే చెప్తాను. టైప్-సీలో వేగంగా పరిగెత్తే దారులు నాలుగుంటాయి. ఆ నాలుగూ బొమ్మకే ఇచ్చేసినా, పాత యూఎస్‌బీ 2.0 తీగల జత విడిగా మిగిలే ఉంటుంది. టచ్‌కు అది చాలు. కాకపోతే ల్యాప్‌టాప్ పోర్టుకు బొమ్మ పంపే సౌకర్యం ఉండాలి. అన్నింటికీ ఉండదు. కేబుల్ కూడా అలాంటిదే కావాలి. ఫోన్ చార్జర్‌తో వచ్చే తీగల్లో చాలావాటికి ఆ వేగం దారులే ఉండవు, మూతి మాత్రం అచ్చం అలాగే ఉంటుంది. ఇక వంటింటి దూరానికి ఇది కుదరదు. అన్ని దారులూ ఉన్న మామూలు టైప్-సీ తీగ సాధారణంగా ఒకట్రెండు మీటర్లకు మించదు.

ఇంకో చోట కూడా డబ్బులు పోతాయి. టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే అడాప్టర్ కొని, దాన్ని తిప్పి గుచ్చి, హెచ్‌డీఎంఐ ఉన్న కంప్యూటర్ నుంచి టైప్-సీ తెరకు బొమ్మ రాలేదని తలపట్టుకుంటారు. అది ఒకవైపు రోడ్డు. ఎదురు దిశకు వేరే కన్వర్టర్ కావాలి. పాత కౌంటర్ కంప్యూటర్లలో బొమ్మ పంపడానికి నీలం రంగు వీజీఏ పోర్టు మాత్రమే ఉంటే? తెరకు వీజీఏ ఉంటే గుచ్చండి, అక్షరాలు కాస్త మసకగా రావచ్చు. టచ్ మాత్రం నిక్షేపంగా పనిచేస్తుంది, దాని తీగ ఎలాగూ వేరే కదా.

కరెంటు సంగతి మరిచాను. హెచ్‌డీఎంఐలో ఖాయంగా దొరికేది 55 మిల్లీ ఆంపియర్లు. తెర వెలగడానికి అది ఏ మూలకూ చాలదు. యూఎస్‌బీ నుంచి తీసుకుందామంటే, పొడవాటి తీగ చివర వోల్టేజీ పడిపోయి తెర మిణుకుమిణుకుమంటుంది. అందుకే బావ వంటింట్లో విడిగా ఒక ప్లగ్గు పెట్టించాడు.

ఇంత చేశాక వారం రోజులకు మళ్లీ ఫోన్. ఎవరూ తాకకుండానే ఆర్డర్లు మాయమవుతున్నాయట. వెళ్లి చూస్తే మాస్టర్ తడిచేత్తో నొక్కుతున్నాడు. గాజు మీద నిలిచిన నీటి చుక్కలు కూడా ఆ గళ్లకు వేళ్లలాగే తోస్తాయి. ఇప్పుడు స్క్రీన్ పక్కన మేకుకు ఓ పొడి గుడ్డ వేలాడుతోంది.